డాలస్‌కి హైదరాబాద్ ఏ దిక్కు

డాలస్ నుంచి హైదరాబాద్ ఎంత దూరమని ఎవరైనా అడిగితే నేను మనిషిని బట్టి జవాబు చెబుతాను. కొత్తగా దిగిన స్టూడెంట్ అడిగితే, ఎండాకాలంలో భూమి కాస్త ఉబ్బుతుంది కాబట్టి జూన్‌లో ఓ నలభై మైళ్ళు ఎక్కువని చెబుతాను. పిల్లలు అడిగితే, ఒకసారి వెనకగాలి ఎంత జోరుగా తోసిందంటే మేం బయలుదేరిన రోజుకి ముందురోజే దిగిపోయామనీ, ఇమిగ్రేషన్ ఆఫీసర్ మా కాగితాలు చూసి తల పట్టుకుని, తేదీ వచ్చేదాకా మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టాడనీ చెబుతాను. విన్నవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఎవరి సొమ్మూ పోదు.

మా తోడల్లుడికి మాత్రం ఒంట్లో ఏదో పోయినట్టు ఉంటుంది. ఆయన మా ఆవిడ పెద్దక్క భర్త. డాలస్ పక్కనే ఉన్న ప్లేనోలో, మా ఇంటికి ఉత్తరంగా మూడు వీధుల అవతల ఉంటాడు. సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు కారు డాష్‌బోర్డులో పెట్టుకుని తిరిగే మనిషి. హైవే మీద ఎడమ లేన్‌లో అరవై నాలుగు దాటడు, పక్కకీ తప్పుకోడు. ఎవరైనా మాట మొదలుపెట్టి రెండో వాక్యంలోకి వెళ్ళేలోపు 'యాక్చువల్లీ' అంటాడు. ఆయనంటే నాకు గిట్టదు. నేనంటే ఆయనకీ గిట్టదు. ఇది దాచుకుని రాయడం నా వల్ల కాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

మొదలైంది మా గృహప్రవేశం నాడు. పదకొండేళ్ళయింది. భోజనాల దగ్గర ఇరవై మంది ఉన్నారు. ప్లేనోలో మా గుమ్మం నుంచి అమీర్‌పేటలో మా చిన్నాన్న గుమ్మం దాకా పంతొమ్మిది గంటల్లో వెళ్ళిన వైనం చెబుతున్నాను. పైలట్‌కి మా ఆవిడ చేసిన గోంగూర పచ్చడి రుచి చూపిస్తే, ఆయన మనసు కరిగి అడ్డదారిలో తీసుకెళ్ళాడన్న దగ్గరికి వచ్చాను. ఈయన పాయసం గిన్నె కింద పెట్టి, వేలు నాకి, ఫోన్ తీశాడు.

"తమ్ముడూ, యాక్చువల్లీ, డాలస్ నుంచి దోహా పద్నాలుగున్నర గంటలు. అక్కణ్ణుంచి హైదరాబాద్ నాలుగు. మధ్యలో ఫ్లైట్ మారడానికి తక్కువలో తక్కువ రెండు. మొత్తం ఇరవైన్నర. ఇంకా రోడ్డు మీద టైమ్ నేను కలపలేదు. ఆ గంటన్నర ఏ ఊళ్ళో ఎగ్గొట్టావు?"

అందరూ నవ్వారు. నా ఇంట్లో, నా పాయసం తింటూ, నన్ను చూసి నవ్వారు. కథకి నవ్వడం వేరు, మనిషికి నవ్వడం వేరు. ఆ తేడా తెలియని మనిషిని నేను క్షమించలేదు. ఆ తర్వాత ఆయన గురించి కూడా కథలు కట్టాను. విమానాల బరువు తూచమని ఎయిర్‌పోర్టు వాళ్ళు ఈయన్ని కొక్కెంతో సహా పిలిపించారని ఊళ్ళో పిల్లలందరికీ చెప్పాను. వాళ్ళు ఆయన్ని 'వెయింగ్ మెషీన్ అంకుల్' అనడం మొదలుపెట్టారు. ఆయనకి తెలిసింది. నేనే అని కూడా తెలిసింది.

ఇంతవరకూ ఇద్దరు పెద్దమనుషుల చిల్లర పగ. మధ్యలోకి ఆ పిల్ల వచ్చింది.

మా ఆవిడ వాళ్ళు ముగ్గురు అక్కచెల్లెళ్ళు. పెద్దామె ఈయన భార్య. చిన్నామె నా భార్య. నడిమి ఆమె హైదరాబాద్‌లో ఉంటుంది. ఆవిడ కూతురు ఇక్కడ మాస్టర్స్ చేసి, లాస్ కొలినాస్‌లో ఉద్యోగం తెచ్చుకుని, మా ఇంట్లో పైగదిలో ఉంటోంది. నన్ను బాబాయ్ అంటుంది, ఆయన్ని పెదనాన్న అంటుంది. స్టూడెంట్ వీసా మారి వర్క్ వీసా వచ్చింది గానీ అది కాగితం మీదే. దేశం దాటి తిరిగి రావాలంటే ఇండియా వెళ్ళి పాస్‌పోర్టులో స్టాంప్ వేయించుకోవాలి. కొత్త సంవత్సరం నుంచి ఆమెకి ఇవ్వబోయే పనిలో నెలకోసారి లండన్ వెళ్ళి రావాలి. స్టాంప్ లేకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామని మేనేజర్ మర్యాదగానే చెప్పాడు. ఉన్న ప్రాజెక్టు ఎలాగూ డిసెంబరుతో అయిపోతోంది. రెండు నెలల పాటు ఆ పిల్ల పొద్దున్న ఇడ్లీ ఒక చేత్తో, ఫోన్ ఒక చేత్తో పట్టుకుని వీసా ఇంటర్వ్యూ స్లాట్ కోసం వెబ్‌సైట్ తిప్పి తిప్పి, చివరికి ఒకటి పట్టుకుంది. హైదరాబాద్‌లో, శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి. అది తప్పితే మళ్ళీ ఎప్పుడో తెలీదు. తెలిసేలోపు ఉద్యోగం ఉండదు.

టికెట్ ఏది కొనాలో ఆమె వెళ్ళి పెదనాన్నని అడిగింది. నా ఇంట్లో ఉంటూ, నా కాఫీ తాగుతూ, ఆయన్ని అడిగింది. నన్ను అడిగితే సరిగ్గానే చెప్పేవాణ్ణి. బహుశా.

ఆయన రంగురంగుల స్ప్రెడ్‌షీట్ తయారుచేశాడు. మంగళవారం సాయంత్రం ఆరింటికి డాలస్‌లో ఎక్కితే దోహా మీదుగా గురువారం తెల్లవారుజామున హైదరాబాద్. స్లాట్‌కి ఒక రోజు ముందు. విమానం ఆలస్యమైనా, పెట్టె తప్పిపోయినా సర్దుకోవడానికి టైముంటుంది. చక్కటి టికెట్. అందులో వంక పెట్టడానికి ఏమీ లేకపోవడమే నాకు నచ్చలేదు.

ఆ శనివారం అందరం వాళ్ళింట్లో భోజనానికి కూడాం. మా అత్తగారు ఆర్నెల్లు వాళ్ళింట్లో, ఆర్నెల్లు మా ఇంట్లో ఉంటుంది. అప్పుడు వాళ్ళ వంతు. కుండీలో పూసిన మల్లెలు ముందేసుకుని దండ గుచ్చుతోంది. పక్కన డాలస్ టైముకి లెక్కకట్టి గుడివాళ్ళు వేసిన పంచాంగం ఉంది.

"పిల్ల ప్రయాణం ఏ రోజు?" అంది.

"మంగళవారం అత్తయ్యా. తూర్పు ప్రయాణం కదా. సోమవారం, శనివారం తూర్పుకి వారశూల. అందుకని అవి తప్పించాను," అన్నాడు ఆయన. స్ప్రెడ్‌షీట్‌లో దానికీ ఒక గడి పెట్టాడు. ఏ వారం ఏ దిక్కుకి బయలుదేరకూడదో చెప్పే గడి. అత్తగారి మొహం వెలిగిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తూర్పని ఎవరన్నారు?" అన్నాను.

"ఇండియా తూర్పు కాక ఎటు తమ్ముడూ? చంద్రుడి వైపా?"

"ఉత్తరం."

పిల్లలు గోలగా నవ్వారు. నా సంగతి అందరికీ తెలుసు. కానీ నేను ఆరోజు సరదాకి అనలేదు. ఎప్పుడో విమానంలో నిద్రపట్టక, సీటు ముందున్న తెరలో మ్యాపు చూస్తూ కూర్చున్నప్పుడు నాకా సంగతి తెలిసింది. దాన్ని ఏ కథలోనూ వాడుకోలేదు. నిజం కాబట్టి నాకు పనికిరాలేదు.

వాళ్ళబ్బాయి చిన్నప్పటి గ్లోబు షెల్ఫ్‌లో ఉంది. "తెండి అన్నయ్యగారూ," అన్నాను. తెచ్చాడు. అత్తగారి దగ్గర మల్లెల దారం మూరెడు తీసుకున్నాను. ఒక కొస డాలస్ మీద ఆయన వేలితోనే పట్టించాను. రెండో కొస హైదరాబాద్ మీద నేను పట్టుకుని గట్టిగా లాగాను. దారం అట్లాంటిక్ వైపు పోలేదు. బిగిసే కొద్దీ జారి జారి పైకి ఎక్కింది. కెనడా మీదుగా ధ్రువం పక్క నుంచి వెళ్ళి, రష్యా మీదుగా దిగి మన ఊరికి వచ్చింది. దాదాపు తొమ్మిది వేల మైళ్ళ దారి నిటారుగా నెత్తి మీదుగా పోయింది.

 అత్తగారు కళ్ళజోడు సర్దుకుని గ్లోబు మీదికి వంగింది.

"యాక్చువల్లీ అది దగ్గరి దారి. విమానం వెళ్ళే దారి కాదు. మన ఫ్లైట్ దోహా మీదుగా," అన్నాడు ఆయన.

"అదలా ఉంచు నాయనా. బయలుదేరేటప్పుడు దాని ముక్కు ఎటు ఉంటుంది?" అంది అత్తగారు.

ఆయన అబద్ధం చెప్పలేడు. అదొక జబ్బు ఆయనకి. "కాస్త... పైకే ఉంటుంది," అన్నాడు.

"మంగళవారం, బుధవారం ఉత్తరానికి శూల. ఈ టికెట్ పనికిరాదు," అంది ఆవిడ, దండ ముడి వేస్తూ.

ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. నాకు చెప్పలేనంత హాయిగా అనిపించింది. ఆ హాయిలో ఆ పిల్ల మొహం చూడలేదు. ఆమె ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టి, "అమ్మమ్మా, ప్లీజ్. మంగళవారం మధ్యాహ్నం దాకా నాకు క్లయింట్ ప్రెజెంటేషన్ ఉంది. అంతకుముందు పోలేను. గురువారం పోతే స్లాట్ మిస్ అయితది," అంది. ఆవిడ వినలేదు. వీసా సంగతి కాబట్టే ఇంకా జాగ్రత్తగా ఉండాలంది.

నాలుగు రోజులు రెండిళ్ళ మధ్య ఫోన్లు నడిచాయి. పిల్ల తిండి మానేసి పైగదిలోనే కూర్చుంది. మా ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది. ఉప్పు కావాలన్నా గోడకి చెప్పేది. చివరికి దారి అత్తగారే చెప్పింది. పూర్వం చెడ్డరోజున తప్పనిసరిగా ప్రయాణం పడితే, మంచిరోజు చూసి ఒక సంచి ముందుగా ఇల్లు దాటించేవారట. వెళ్ళాల్సిన దిక్కులో ఉన్న ఇంట్లో దాన్ని ఉంచితే ప్రయాణం మొదలైనట్టే. అసలు రోజున ఆ సంచి తీసుకుని దారి పట్టడమే. దాన్ని పరస్థానం అంటారు. ఆదివారం శూల పడమటికి. పడమర అన్నవాడు మాలో అప్పటికి ఎవడూ లేడు. కాబట్టి ఆదివారం పొద్దున్న సంచి ఇల్లు దాటాలి, ఉత్తరం వైపు.

మా ఇంటికి ఉత్తరంగా ఉన్న తెలిసిన ఇల్లు ఒక్కటే.

ఇక్కడ నేను ఇంకో పని చేశాను. ఆమె సంచిలో ఒక చీర, దువ్వెన, పసుపు కొమ్ము పెడుతుంటే, కుర్చీలో కూర్చుని ఒక కథ చెప్పాను. వర్జీనియాలో షాంటిలీ అనే ఊళ్ళో నాకు తెలిసిన ఒకాయన పరస్థానం సంచిలో ఉత్త చేతిరుమాలు పెట్టాడనీ, విమానం ఢిల్లీ మీద మూడు గంటలు గిరగిరా తిరిగి మళ్ళీ వర్జీనియాలోనే దిగిందనీ, ముఖ్యమైన వస్తువు లేకపోతే పరస్థానం అంటుకోదనీ. మామూలు అలవాటుగా చెప్పాను. ఆ పిల్ల నవ్వలేదు. అప్పటికి ఆమె దేనికైనా సిద్ధంగా ఉంది. పాస్‌పోర్టు, అపాయింట్‌మెంట్ కాగితం, కంపెనీ లెటర్ ఉన్న ఫోల్డర్ తీసి సంచిలో పెట్టేసింది. వద్దనాల్సింది. మా తోడల్లుడి ఇంటికి ఆ సంచి బరువుగా వెళ్ళడం నాకు బాగుందనిపించింది. అనలేదు.

ఆయన సంచి తీసుకున్నాడు. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది కాబట్టి తీసుకున్నాడు. ఇంట్లోకి మాత్రం తీసుకెళ్ళలేదు. గరాజ్‌లో, అదీ తూర్పు గోడ వారన, పెయింట్ డబ్బాల మీద పెట్టాడు. "ఇంట్లో పెడితే నీ ఉత్తరం ఒప్పుకున్నట్టు అవుతుంది తమ్ముడూ," అని నాకొక్కడికే వినబడేలా అన్నాడు.

మంగళవారం ఆ పిల్లే ఆఫీసు నుంచి వచ్చి సంచి తీసుకోవాలి. ప్రెజెంటేషన్ సాగింది. మధ్యాహ్నం మూడు దాటాక ఫోన్ చేసింది.

"బాబాయ్, నేను ఇట్లనే డైరెక్ట్‌గా ఎయిర్‌పోర్ట్‌కి పోతా. ఇక్కణ్ణుంచి దగ్గరే. సూట్‌కేసులు, ఆ బ్యాగ్ మీరు తెస్తారా? కౌంటర్ ఫైవ్‌కి క్లోజ్."

"నువ్వెళ్ళి నిలబడమ్మా. రెక్కలు కట్టుకుని వస్తా," అన్నాను.

సూట్‌కేసులు కారులో పడేసి వాళ్ళింటికి వెళ్ళాను. బెల్ కొట్టాను. ఆయన ఇంటి నుంచే పని చేస్తాడు. తలుపు తీసి, దారికి అడ్డంగా నిలబడ్డాడు. వెనక హాల్లో అత్తగారు సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ సీరియల్ చూస్తోంది.

"ఏం తమ్ముడూ, ఈ వేళప్పుడు."

"బ్యాగ్ అన్నయ్యగారూ."

"ఏ బ్యాగ్?"

"మీ గరాజ్‌లో ఉంది."

"ఓ. ఆ ఉత్తరం బ్యాగా." చేతులు కట్టుకున్నాడు. "ఇస్తాను. దానికేం. చిన్న పని ఉంది, అది చేసి తీసుకెళ్ళు. లోపలికి వచ్చి అత్తయ్యకి చెప్పు. ఇండియా తూర్పునే ఉందని. ఉత్తరం అన్నది నువ్వు కల్పించావని."

ఆయన పరాచికాలాడుతున్నాడనుకున్నాను. పదకొండేళ్ళలో ఆ మనిషి ఒక్క పరాచికం ఆడలేదని అంతలోనే గుర్తొచ్చింది.

"దారం కొస మీరే పట్టుకున్నారు కదా," అన్నాను.

"పట్టుకున్నాను."

"అయితే అది నిజమని మీకూ తెలుసు."

"తెలుసు." గొంతు తగ్గించాడు. "పది రోజులుగా ఆవిడ గుడిలో కనబడ్డవాళ్ళకల్లా చెబుతోంది, పెద్దల్లుడికి దిక్కులు తెలియవని. పదకొండేళ్ళుగా నేను ఒక్క తప్పు అంకె చెప్పలేదు. నువ్వు ఒక్క సరైన ముక్క చెప్పలేదు. ఆవిడ ఎవర్ని నమ్మింది?"

"అందుకని ఆ పిల్ల పాస్‌పోర్టు అడ్డం పెట్టుకుంటారా?"

"పాస్‌పోర్టు ఆ సంచిలోకి ఎలా వచ్చిందో నేనూ విన్నాను. షాంటిలీ ఫ్రెండ్ కథట కదా. నేను గరాజ్‌లో పెట్టింది సంచి. అందులో పాస్‌పోర్టు పెట్టించింది నువ్వు."

నా ఫోన్ మోగింది. ఆ పిల్ల.

"బాబాయ్, నేను వచ్చేసిన. ఎక్కడున్నరు?"

"దారిలో ఉన్నానమ్మా," అన్నాను, ఆయన గుమ్మంలో నిలబడి, ఆయన మొహంలోకి చూస్తూ.

ఆయన పెదవి కొంచెం వంకరైంది. "చూశావా. ఎంత తేలిగ్గా వస్తుందో నీకు. ఇంకొక్కటి చెప్పడానికి ఏం కష్టం?"

"స్పీకర్‌లో పెట్టి ఇదంతా దానికే చెబుతా."

"పెట్టు. సంచి సంగతి నేనూ చెబుతా."

అలా నిలబడ్డాం. ఆయన చేతి గడియారం నాకు కనబడుతోంది. కావాలనే చెయ్యి అలా పెట్టాడేమో. వెళ్ళి గరాజ్ తలుపు కొడదామనుకున్నాను. పోలీసుల్ని పిలుద్దామనుకున్నాను. ఏమని చెప్పను, మా తోడల్లుడు ఇండియా తూర్పున ఉందని ఒప్పుకోమంటున్నాడనా? పక్కింటాయన ఆకులు ఊడ్చుతూ మా ఇద్దరికీ చెయ్యి ఊపాడు. ఇద్దరం నవ్వుతూ తిరిగి ఊపాం.

నేను ఎన్ని అబద్ధాలాడానో లెక్క లేదు. ఒక్కదానికీ గొంతు తడబడలేదు. అవి నావి. నా ఇష్టం కొద్దీ కట్టినవి. ఇది మాత్రం ఆయన కట్టి నా నోట్లో పెడుతున్నాడు. అదీ నేను చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని తుడిచేయడానికి. దానికోసం ఎంతసేపు నిలబడ్డానో అప్పుడు నాకు తెలీదు. ఒక్క నిమిషం అనుకున్నాను.

చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను.

"అత్తయ్యగారూ, ఇండియా తూర్పునే ఉంది. ఉత్తరం అని నేను కథ అల్లాను."

ఆవిడ టీవీ సౌండ్ తగ్గించింది. "మరి దారం?"

"లాగేటప్పుడు వేలు జరిపాను."

"విన్నారుగా అత్తయ్యా," అన్నాడు ఆయన వెనకనుంచి.

ఆవిడ నన్నే చూస్తూ ఒక చిక్కుడుకాయ ఈనె తీసింది. "మీరు కథ చెప్పేటప్పుడు చేతులు గాల్లో ఉంటాయి అల్లుడుగారూ. ఇప్పుడు జేబుల్లో ఉన్నాయి," అంది.  "సంచి తీసుకెళ్ళండి. పిల్ల ఒక్కతే నిలబడి ఉంటుంది."

గరాజ్ తలుపు గరగరమంటూ పైకి లేచింది. ఆయన సంచి తెచ్చి నా చేతికి ఇవ్వలేదు. డ్రైవ్‌వే మీద పెట్టాడు.

121 టోల్‌వే మీద అప్పటికే బళ్ళు ఆగిపోయి ఉన్నాయి. డాలస్ నుంచి హైదరాబాద్ ఎంత దూరమో నాకు తెలుసు గానీ, ప్లేనో నుంచి ఎయిర్‌పోర్టు ఎంత దూరమో ఆరోజే తెలిసింది. ఒక ట్రక్కు వెనక పదిహేను నిమిషాలు కదలకుండా ఉన్నాను. ఆ పిల్ల రెండుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి చేయలేదు. చేయకపోవడమే ఎక్కువ భయం వేసింది. టెర్మినల్ ముందు కారు ఆపేసరికి నాలుగూ నలభై ఒకటి. కర్బ్ మీద సామాను బండి పట్టుకుని నిలబడి ఉంది. సంచి లాక్కుని ముందు ఫోల్డర్ తీసి చూసుకుంది. పాస్‌పోర్టు ఉంది. అప్పుడు ఊపిరి పీల్చింది.

"సారీ అమ్మా. టోల్‌వే మీద ఆవుల ట్రక్కు ఒకటి బోల్తా పడింది. ఆవులన్నీ..."

"బాబాయ్." ఆమె ఫోన్ నా మొహం ముందు పెట్టింది. పెదనాన్న మెసేజ్. మూడూ ఇరవై రెండుకి వచ్చాడు, మూడూ నలభై ఆరుకి వెళ్ళాడు, బ్యాగ్ అందజేయబడింది, ఆలస్యానికి నాకు సంబంధం లేదు. టైములతో సహా. ఆ మనిషి అబద్ధం చెప్పలేడని చెప్పాను కదా.

"ఇరవై నాలుగు నిమిషాలు ఆ గుమ్మంలో మీరిద్దరూ ఏం చేశారు?" అంది.

నేను ఏదో చెప్పబోయాను. చేతులు పైకి లేచాయి కూడా.

"వద్దు. చెప్పకండి. నేను రెండు నెలలు ఆ స్లాట్ కోసం ఏడ్చిన. మీకు ఇండియా ఎటుందో కావాలి. ఆయనకీ అదే కావాలి. నా జాబ్ ఎటు పోతదో మీ ఇద్దరిల ఒక్కరికి కూడా అక్కర్లేదు." సూట్‌కేసులు బండి మీదికి తనే ఎత్తుకుంది. నేను చెయ్యి వేయబోతే పక్కకి జరిగింది. లోపలికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని, కారు తీయమని సెక్యూరిటీ అతను రెండుసార్లు చెప్పేదాకా అక్కడే ఉన్నాను.

కౌంటర్ దొరికింది. విమానం దొరికింది. కొన్ని గంటల తర్వాత ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక ఫొటో పెట్టింది. సీటు ముందు తెర. చిన్న తెల్ల విమానం కెనడా మీద ఉంది. ముక్కు ఉత్తరానికీ లేదు, తూర్పుకీ లేదు. రెండింటికీ మధ్య వాలుగా ఉంది. కింద ఒక్క ముక్క కూడా రాయలేదు. మా తోడల్లుడు 'నార్త్ ఈస్ట్' అని రాశాడు. ఎవరూ బొటనవేలు కూడా పెట్టలేదు. కాసేపటికి ఆయనే దాన్ని డిలీట్ చేశాడు. అది కూడా అందరికీ కనబడింది.

శుక్రవారం ఆమెకి వీసా వచ్చింది. ఆ కబురు వాళ్ళమ్మ మా ఆవిడకి చెప్పింది, మా ఆవిడ గోడకి చెప్పింది. తిరుగు టికెట్ గురించి నేనూ మెసేజ్ పెట్టాను, ఆయనా స్ప్రెడ్‌షీట్ పంపాడు. ఇద్దరికీ కలిపి ఒకే జవాబు వచ్చింది: 'నేనే బుక్ చేసుకున్నా. ఆదివారం మూడింటికి దిగుతా. ఎటు నుంచి వస్తున్నానో చెప్పను. ఎవరూ రావద్దు.'

రావద్దంటే ఆయన వెళ్తాడని నాకు తెలుసు. నేను వెళ్తానని ఆయనకీ తెలుసు. ఆదివారం టెర్మినల్ డి అరైవల్స్ దగ్గర కమ్మీకి ఆ చివర ఆయన, ఈ చివర నేను. మధ్యలో ఎవరో పెళ్ళివారు బెలూన్లు పట్టుకుని ఉన్నారు. దోహా ఫ్లైట్ జనం అంతా బయటికి వచ్చారు. పైలట్లు కూడా చక్రాల పెట్టెలు లాక్కుంటూ వెళ్ళిపోయారు. ఐదు దాటింది. పెళ్ళివారూ పోయారు. మా మధ్య కమ్మీ మాత్రం మిగిలింది. ఒకసారి ఆయన నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను. ఇంకోసారి నేను చూశాను. ఆయన ఫోన్‌లోకి తల దించాడు.

అప్పుడు ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. ఫొటో. మా వంటింటి టేబుల్, కంది పొడి అన్నం కలిపిన కంచం, పక్కన పాస్‌పోర్టు. 'ఇంటికొచ్చి గంటైంది. సింగపూర్ మీదుగా పోయి, శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగి, ఫ్రీమాంట్‌లో ఫ్రెండ్ దగ్గర రెండ్రోజులు ఉండి, లోకల్ ఫ్లైట్‌లో వచ్చిన. వేరే టెర్మినల్. రావద్దన్నా కదా.'

పడమర. మాలో ఎవ్వరూ అనని దిక్కు.

కింద ఇంకో లైన్ వచ్చింది: 'నెలాఖరుకి ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌కి మూవ్ అవుతున్నా. ఏ రోజో ఎవరికీ చెప్పను, అమ్మమ్మకి కూడా.'

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆయన అప్పటికే వేళ్ళతో తెర మీద ఏదో జరుపుతున్నాడు. కమ్మీ వెంబడి నా వైపు రెండడుగులు వేశాడు. ఆ మంగళవారం తర్వాత నాతో అన్న మొదటి మాట.

"సింగపూర్ మీదుగా అయితే మొత్తం దూరం ఎంతవుతుందంటే..."

"నలభై మైళ్ళు తక్కువ. చలికాలం కదా," అన్నాను.

ఎలివేటర్‌లోకి వెళ్ళి నిలబడ్డాను. బయట నుంచి 'యాక్చువల్లీ' అనడం వినిపించింది. అడుగుల చప్పుడు దగ్గరైంది. తలుపులు మూసే బటన్ నొక్కి, అవి కలుసుకునేదాకా వేలు తీయలేదు.